దారి మళ్ళిన లారీలు

చెన్నపట్నంలో తెలుగువాళ్ళకు ఇంటి గుమ్మం ఉత్తరం వైపుదే. నెల్లూరు బియ్యమైనా, గుంటూరు మిరపకాయలైనా, బెజవాడ మామిడిపళ్ళైనా తడ దాటి, గ్రాండ్ నార్తరన్ ట్రంక్ రోడ్డు పట్టుకుని, రెడ్‌హిల్స్, మాధవరం, మూలకడై మీదుగా ఊళ్ళోకి రావలసిందే. ఆ రోడ్డును మావైపు అందరూ జి.ఎన్.టి. రోడ్డు అంటారు. చిన్నప్పుడు ఆ దారిన పోయే లారీల వెనక రాసిన తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివిన పిల్లలం మేము. అందుచేత లారీని తిట్టడానికి ఈ నాలుగు మాటలూ రాయడం లేదు. మనం తినే తిండి, కట్టే బట్ట, ఆఖరికి ఈ పత్రిక అచ్చయ్యే కాగితం కూడా ఏదో ఒక రాత్రి లారీలో వచ్చినవే.

రాయబోయేది లారీ గురించి కాదు, లారీ దారి గురించి. ఊళ్ళో ఏ రోడ్డున లారీ పోవచ్చు, ఏ రోడ్డున పోకూడదు, ఏ వేళలో పోవాలి అన్నది ఎవరు నిర్ణయిస్తారు? ఆ నిర్ణయం వల్ల ఎవరు పీల్చే గాలి చెడుతుందో, ఎవరి నిద్ర పోతుందో ఎవరైనా ముందుగా లెక్క చూస్తారా? బరంపురం వాళ్ళకైనా, బళ్ళారి, షోలాపూరు, హోసూరు, యానాం వాళ్ళకైనా ఈ ప్రశ్న వింతగా ఉండదనుకుంటాను. ఊరన్నాక 'భారీ వాహనాలకు ప్రవేశం లేదు' అన్న బోర్డు ఒకటి ఉంటుంది. ఆ బోర్డు వల్ల బాగుపడిన వీధి ఒకటి, చితికిపోయిన వీధి ఒకటి ఉంటాయి.

ముందుగా ఒక పాత సంగతి. జార్జి టౌనులోని కొత్వాల్ చావడి ఒకప్పుడు నగరమంతటికీ కూరగాయల బజారు. మన కన్యకాపరమేశ్వరి దేవస్థానం వారి స్థలంలో వెలిసిన బజారు అది. ఊరు పెరిగింది, లారీలు పెరిగాయి, తెల్లవారుజామున ఆ ఇరుకు వీధుల్లో మనిషి నడవడమే గగనమైపోయింది. 1996లో టోకు వ్యాపారాన్ని కోయంబేడుకు తరలించారు. జార్జి టౌను ఊపిరి పీల్చుకుంది. మంచి పనే. అయితే ఆ లారీలు మాయం కాలేదు కదా! కోయంబేడు చుట్టుపక్కల వాళ్ళ నిద్రలోకి వచ్చి చేరాయి.

కామర్స్ చదివినవాడికి మొదటి రోజున నేర్పే పాఠం ఒకటుంది. ఒక ఖాతాలో క్రెడిట్ రాస్తే మరొక ఖాతాలో డెబిట్ రాయాలి, రెండూ సరిపోవాలి. లారీల దారి మార్చినప్పుడల్లా మన నగరాలు క్రెడిట్ మాత్రమే రాసుకుంటాయి. 'ఫలానా రోడ్డు మీద రద్దీ తగ్గింది' అని మర్నాడు పేపర్లో వస్తుంది. డెబిట్ ఎవరి ఖాతాలో పడిందో ఏ పేపర్లోనూ రాదు.

మా ఉత్తర చెన్నైలో ఈ డెబిట్లు బాగా పేరుకుపోయాయి. దానికి కారణం హార్బరు. 1983లో ఇక్కడ కంటైనర్ టెర్మినల్ మొదలైంది. ఇరవై అడుగుల పెట్టెను ఒక లెక్కగా తీసుకుంటే, ఏడాదికి పదిహేను లక్షల పెట్టెల దాకా ఇక్కడ ఎక్కించి దించిన సంవత్సరాలున్నాయి. హార్బరుకు ఒక పక్క సముద్రం, మరో పక్క కిక్కిరిసిన ఊరు. పెట్టెల్లో చాలా భాగం రోడ్డు మీదనే రావాలి, రోడ్డు మీదనే పోవాలి. పగలు ఊళ్ళోకి భారీ వాహనాలను రానివ్వరు. రాత్రి గేట్లు తెరుస్తారు. 2010కి అటూ ఇటూ సంవత్సరాల్లో ఎన్నూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద ట్రెయిలర్లు రోజుల తరబడి బారులు తీరి నిలబడేవి. డ్రైవర్లు బండి కిందనే వంట చేసుకునేవారు, బండి కిందనే పడుకునేవారు. కాశిమేడు చేపల రేవుకు పోయే ఆడవాళ్ళు తలమీద గంపతో ఆ బండ్ల సందుల్లోంచి దారి చేసుకుని పోయేవారు.

బొగ్గు కథ మరొకటి. హార్బరులో గుట్టలు పోసిన బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి రాయపురం ఇళ్ళమీదా, ఎదురుగా ఉన్న హైకోర్టు భవనాల మీదా పడేది. దండెం మీద ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి బూడిదరంగు పంచె అయ్యేది. 2011లో మద్రాసు హైకోర్టు ఈ ధూళి సరుకులను ఇక్కడ దించవద్దని ఉత్తర్వు ఇచ్చింది. రాయపురానికి పెద్ద ఉపశమనం. ఆ బొగ్గు ఎన్నూరు రేవుకు మళ్ళింది. అక్కడ అప్పటికే థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, దాని బూడిద చెరువు ఉంది, ఆ బూడిద పడి పూడిపోతున్న ఉప్పుటేరు ఉంది, ఆ ఏట్లో రొయ్యలు పట్టుకుని బతికేవాళ్ళున్నారు. ఉత్తర్వు తప్పని నేననడం లేదు. నేను చూస్తున్నది బరువు జరిగిన దిక్కు. మన ఊళ్ళో బరువు ఎప్పుడు జరిగినా ఉత్తరానికే జరుగుతుంది.

మరి ఇలాంటివి ముందుగా పరిశీలించడానికి మన దేశంలో చట్టం లేదా? ఉంది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1994లో ఒక నోటిఫికేషన్, దాని స్థానంలో 2006 సెప్టెంబరు 14న మరొకటి వచ్చాయి. ఆనకట్ట, గని, విద్యుత్ కేంద్రం, రేవు, పెద్ద రహదారి కట్టాలంటే పర్యావరణ ప్రభావ మదింపు జరగాలి. అనేక సందర్భాల్లో ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరగాలి. ఉన్న జాతీయ రహదారిని వెడల్పు చేసే పనిలో ఈ నియమం మొదట 30 కిలోమీటర్లు దాటితే వర్తించేది. 2013లో ఆ 30ని 100 చేశారు. ఎలా ఉన్నా, నియమమంటూ ఒకటుంది. అయితే అది 'కట్టడం' గురించిన నియమం. కట్టి ఉన్న రోడ్డు మీదికి వెయ్యి లారీలను మళ్ళించడం ఆ జాబితాలో లేదు.

దారి మళ్ళించే అధికారం వేరే చట్టంలో ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 115. ప్రజల భద్రత కోసం గానీ, సౌకర్యం కోసం గానీ, రోడ్డు లేదా వంతెన స్థితిని బట్టి గానీ ఏ రకం వాహనాన్నయినా ఏ రోడ్డు మీదనయినా ఆపవచ్చు. గెజెట్‌లో ప్రకటించాలి. నెలకు మించని ఆంక్షకు ఆ గెజెట్ ప్రకటన కూడా అక్కరలేదు, స్థానికంగా చాటిస్తే చాలు. గాలి అన్న మాట గానీ, చప్పుడు అన్న మాట గానీ ఆ సెక్షన్‌లో లేదు. ఒక రోడ్డు మీద ఆపితే ఆ బండి ఏ రోడ్డెక్కుతుందో, అక్కడ ఎవరున్నారో చూడమని కూడా లేదు.

ఈ రెండు చట్టాల మధ్య ఎంత ఎడమున్నదో చూడడానికి మా ఊరి ఎత్తు రోడ్డు కథ చాలు. లారీలు ఊరిని తాకకుండా పోవాలని హార్బరు నుంచి మదురవాయల్ దాకా స్తంభాల మీద 19 కిలోమీటర్ల రోడ్డు తలపెట్టారు. 2009 జనవరిలో అప్పటి ప్రధాని మన్‌మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. కూవం నదిలో వేస్తున్న స్తంభాలు ప్రవాహానికి అడ్డమని 2012లో రాష్ట్ర ప్రభుత్వం పని ఆపించింది. 2014లో హైకోర్టు పని సాగనివ్వమన్నా సాగలేదు. తలలేని స్తంభాలు ఏళ్ళ తరబడి కూవంలో నిలబడి ఉండిపోయాయి. చివరకు రెండంతస్తుల రోడ్డుగా మార్చి, 5,800 కోట్ల పైచిలుకు అంచనాతో 2022 మే 26న ప్రధాని నరేంద్ర మోదీ మళ్ళీ శంకుస్థాపన చేశారు. స్తంభం నీళ్ళలో ఉండవచ్చునా కూడదా అని ఇన్నేళ్ళు వాదించడం తప్పు కాదు, నదికి ఆ హక్కుంది. కానీ ఆ ఏళ్ళన్నీ లారీలు నేలమీద ఏ ఇళ్ళ ముందునుంచి పోయాయో వాళ్ళ తరఫున వాదించడానికి ఒక్క ఫైలూ లేదు.

నా సొంత అనుభవం చెప్పుకోవలసింది ఇక్కడే. మా ఇల్లు తండయారుపేటలో. తిరువొత్తియూరు హైరోడ్డు వైపు నుంచి సముద్రం వైపుకు పోయే ఒక మోస్తరు వీధి. కొన్నేళ్ళ క్రితం పెద్ద రోడ్డు మీద మురుగు కాలువ పనులు మొదలుపెట్టి, రాత్రిపూట ట్రెయిలర్లను మా వీధిలోకి మళ్ళించారు. వీధి మొగలో ఒక ఫ్లెక్సీ బోర్డు కట్టారు. 'తాత్కాలికం' అని రాసి ఉంది. నెల అన్నారు. నెల తిరిగేసరికి బోర్డు చిరిగిపోతే కొత్త బోర్డు కట్టారు. 'తాత్కాలికం' అన్న మాట మాత్రం మారలేదు.

ఎదురింటి పెద్దాయన హార్బరులోనే పనిచేసి రిటైరయినవాడు. ఒక ఆదివారం పదిమందిని వెంటబెట్టుకుని మా వరండాలో కూర్చున్నాడు.

"బ్యాంకులో ఉన్నారు, ఇంగ్లీషులో గట్టిగా ఒక అర్జీ రాయండి సార్. ఆ బండ్లను పక్క రోడ్డుకు తోలమనండి."

"పక్క రోడ్డులో కార్పొరేషన్ స్కూలుంది కదండీ."

"స్కూలు పగలు కదా సార్. బండ్లు రాత్రి."

మాట సరిగ్గానే ఉందనిపించి అందరూ తలలూపారు. వీధి చివర ఇడ్లీ అంగడి పెట్టుకున్న అక్క గడప దగ్గర నిలబడి వింటోంది. ఆవిడ మనవడికి ఆయాసం, రాత్రుళ్ళు లేచి కూర్చుంటాడని అందరికీ తెలుసు. ఆ పిల్లవాడి పేరు కూడా అర్జీలో రాయాలన్నారు.

"రాయండి సార్," అంది ఆవిడ. "అయితే మా అక్క ఆ పక్క రోడ్డులోనే ఉంది. దాని మనవరాలికీ ఇదే కంప్లైంటు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మేము రాసిన అర్జీలో లారీలను ఫలానా వీధికి పంపమని లేదు. మా వీధిని ఎందుకు ఎంచుకున్నారు, ఇంకా ఏయే దారులు చూశారు, ఎక్కడ ఎంతమంది ఉంటున్నారో లెక్కించారా, పని ఏ తేదీకి ముగుస్తుంది అని అడిగాం. మా వంతుగా ఒక రాత్రి పది నుంచి తెల్లవారుజామున ఐదు దాకా వంతులు వేసుకుని బండ్లు లెక్కపెట్టాం. నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత చొప్పున మూడు పేజీలు నిండాయి. ఆ పేజీలు జతచేసి సంబంధిత ఆఫీసులో ఇచ్చాం. రసీదు మీద ముద్ర వేసి ఇచ్చారు. జవాబు రాలేదు. కాలువ పని ముగిశాక బండ్లు వాటంతట అవే పెద్ద రోడ్డెక్కాయి. వీధిలో కుంగిన చోట్ల మట్టి పోశారు.

పర్యావరణ సమీక్ష అంటే ఏదో శాస్త్రవేత్తల వ్యవహారమని అంతకుముందు మా వాళ్ళకుండేది. నిజానికి ఇడ్లీ అంగడి అక్క అన్న ఒక్క మాటే దాని సారం. మా వీధివాళ్ళనూ పక్క రోడ్డువాళ్ళనూ ఒకే కాగితం మీదికి తేవడం. అలా తెచ్చి ఉంటే ఏమేమి రాయాలో కూడా బ్రహ్మరహస్యమేమీ కాదు.

మొదటిది గాలి. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. రెండున్నర మైక్రాన్ల లోపు ధూళి కణం తలవెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు ఉంటుంది, ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది. ఘనపు మీటరు గాలిలో ఈ ధూళి ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటకూడదని 2009లో మన దేశం పెట్టుకున్న ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దానిని 5గా సూచించింది. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బండ్లకు భారత్ స్టేజ్ ఆరు నియమం వచ్చింది, మేలు జరిగింది. అయితే హార్బరుకూ గోదాముకూ మధ్య తిరిగే బండ్లలో దూరప్రయాణాలకు పనికిరాని పాతవే ఎక్కువగా కనిపిస్తాయి. గేటు ముందు ఇంజను ఆపకుండా నిలబడేవీ అవే.

రెండోది చప్పుడు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 దాటకూడదు. ఒక చట్టం ఏ వేళను నిశ్శబ్దపు వేళ అంటోందో, సరిగ్గా ఆ వేళకే మరో చట్టం కింద లారీలకు గేట్లు తెరుస్తున్నాం. ఈ రెండు కాగితాలూ ఒకే బల్లమీదికి వచ్చినట్టు నేను వినలేదు.

మూడోది రోడ్డు. ఇందులో ఒక వడ్డీ లెక్కలాంటి లెక్క ఉంది. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో రోడ్లమీద బండ్లు తిప్పి చేసిన పరీక్షల్లో, రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువుకు సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. మన దేశంలో 2018లో నాలుగు టైర్ల ఇరుసు మీద అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. బరువు ఎనిమిదో వంతు పెరిగింది. కాలిక్యులేటరు మీద నాలుగో ఘాతం వేసి చూడండి, నష్టం అరవై శాతం పెరుగుతుంది. మా వీధి కింద మంచినీళ్ళ గొట్టమూ మురుగు గొట్టమూ పక్కపక్కనే పోతాయి. పైన రోడ్డు కుంగితే కింద ఏమవుతుందో ఇంజనీరు చెప్పనక్కరలేదు.

డెబిట్‌ను రూపాయల్లో రాసిన సందర్భం మన దేశంలో ఒకటుంది. ఢిల్లీ మీదుగా ఎక్కడికో పోయే లారీలు టోలు ఆదా కోసం నగరంలోకి దూరుతున్నాయని గ్రహించి, 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు వాటిమీద పర్యావరణ పరిహార రుసుము విధించింది. చిన్న వాణిజ్య వాహనాలకూ రెండు ఇరుసుల లారీలకూ 700 రూపాయలు, అంతకు మించిన వాటికి 1,300. డిసెంబరులో రెండూ రెట్టింపయ్యాయి. ఊరి గాలికి ఒక ధర కట్టడమన్నది అప్పుడు జరిగింది. కానీ అది దేశ రాజధాని, కోర్టు ఉన్న ఊరు.

పరాయి దేశాల్లో అంతా సవ్యంగా ఉందని చెప్పబోవడం లేదు. మా మేనల్లుడు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాడు. అక్కడికి వెళ్ళినప్పుడు ఓక్లాండ్ నగరం మీదుగా కారులో తిప్పాడు. ఆ ఊరి గుండా రెండు పెద్ద రోడ్లు పోతాయి. కొండవాలు ఇళ్ళ పక్కగా పోయే 580వ నంబరు రోడ్డు మీద నాలుగున్నర టన్నులు దాటిన లారీలకు ప్రవేశం లేదు. పల్లపు పేటల పక్కగా పోయే 880 మీదనే హార్బరు లారీలన్నీ. పల్లంలో ఉండేది ఎక్కువగా నల్లవాళ్ళు, మెక్సికో వైపు నుంచి వచ్చినవాళ్ళు. మన తెలుగు పిల్లలు రోజూ ఆఫీసులకు పోయేది కూడా ఈ రెండు రోడ్ల మీదనే. 'ఇటు హాయిగా ఉంటుంది మామయ్యా, లారీలుండవు' అన్నాడు వాడు.

కాలిఫోర్నియాలో నగర పాలక సంస్థ లారీ దారులను మార్చినా పర్యావరణ సమీక్ష కిందికి వచ్చేలా 1970లోనే చట్టం వచ్చింది. 580 మీది నిషేధం అంతకంటే ముందుది కనుక ఆ పరీక్ష దానికి జరగలేదు. అయితే హార్బరు పక్కనున్న వెస్ట్ ఓక్లాండ్ పేటవాళ్ళు ఊరుకోలేదు. వీధుల్లో నిలబడి లారీలు లెక్కపెట్టి, ఆ లెక్కలతో నగర కౌన్సిల్ ముందుకు వెళ్ళారు. 2005లో కౌన్సిల్ ఇళ్ళ మధ్యనుంచి పోయే లారీ దారిని మార్చింది. మా మూడు పేజీల గీతలు గుర్తొచ్చి, ఈ సంగతి చదివినప్పుడు నాకు కొంచెం ధైర్యం కలిగింది. అక్కడి సమీక్షలకు వేల పేజీలవుతాయి, లాయర్లు బతుకుతారు, డబ్బున్న పేటలవాళ్ళు తమ గుమ్మంలోకి ఏదీ రాకుండా దాన్నే అడ్డం పెట్టుకుంటారు అని కూడా అంటారు. అదీ నిజమే. అయినా అడిగితే చూపించడానికి ఒక ఫైలు ఉంటుంది.

మనబోటివాళ్ళకు ఇందులో మరో చిక్కుంది, భాష. ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టే సారాంశం ఇంగ్లీషులోనూ, రాష్ట్ర భాషలోనూ ఉంటుంది. తరాలుగా ఇక్కడున్నవాళ్ళం, తమిళం మాకు చదవను వచ్చును. కానీ ఇంట్లో తెలుగు తప్ప బయట ఏ అక్షరమూ రాని ముసలివాళ్ళు మా వీధుల్లో, మత్స్యకారుల కుప్పాల్లో ఇంకా ఉన్నారు. 2020లో కేంద్రం కొత్త ముసాయిదా తెచ్చినప్పుడు, దాన్ని ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ అనువదించాలని ఆ ఏడాది జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. కేంద్రం దానిమీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తన గుమ్మం ముందు ఏం జరగబోతోందో తనకు తెలిసిన భాషలో వినే హక్కు మనిషికి ఉండాలన్న మాట మాత్రం ఒక కోర్టు కాగితం మీదికి ఎక్కింది. ఈ పత్రిక చదివేవాళ్ళకు ఆ మాట విలువ వేరే చెప్పాలా?

వేల పేజీల నివేదికలు మన మునిసిపాలిటీల చేత రాయించడం అయ్యే పని కాదు. నేనడిగేది ఒక్క పేజీ. బ్యాంకులో ఒక ట్రెయిలర్ కొనడానికి అప్పు ఇవ్వాలంటే బండి ధర, మార్జిను, పర్మిట్టు, ఇన్సూరెన్సు, జామీను అన్నీ గళ్ళల్లో నింపించుకుంటాం. ఆ బండిని ఇళ్ళ మధ్యకు మళ్ళించే ఉత్తర్వుకు అందులో సగం గళ్ళయినా ఉండవద్దా? మళ్ళించబోయే దారిలో ఇళ్ళెన్ని, బళ్ళెన్ని, ఆసుపత్రులెన్ని. గంటకు బండ్లెన్ని. చూసిన వేరే దారులేవి, వాటిని ఎందుకు వద్దన్నారు. ముగిసే తేదీ ఏది. ఈ పేజీని వీధి మొగలోని ఫ్లెక్సీ పక్కనే, ఆ వీధివాళ్ళు చదవగల భాషలో అంటించాలి. ఎవరి వీధి బాగుపడుతోందో, ఎవరి వీధి చెడుతోందో ఇద్దరి పేర్లూ అందులో ఉండాలి.

మీ ఊళ్ళో ఈసారి 'వాహనాల దారి మళ్ళింపు' అన్న బోర్డు కనబడినప్పుడు, మీ వీధి బాగుపడుతున్నదైనా సరే, ఆ పేజీ ఎక్కడని అడగండి. చెడుతున్న వీధివాళ్ళు అడిగితే అర్జీ అంటారు, రసీదు మీద ముద్ర వేస్తారు. బాగుపడుతున్న వీధివాళ్ళు కూడా వెంట వెళ్ళి అడిగితే కనీసం కుర్చీ చూపించి కూర్చోమంటారని నా ఆశ.